అటూ ఇటూ కాని ముక్కలు పడ్డప్పుడు: రమ్మీలో డ్రాప్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పదమూడు ముక్కల రమ్మీలో మంచి ముక్కలు పడితే ఎవరైనా ఆడతారు, చెత్త పడితే ఎవరైనా పడేస్తారు, అంటే డ్రాప్ చేసి ఆ చెయ్యి నుంచి తప్పుకుంటారు. తంటా అంతా మధ్యరకం ముక్కలతోనే. జోకర్ ఒకటి ఉంటుంది, లైఫ్ (జోకర్ లేని వరస) ఉండదు. ఆరు, ఏడు పక్కపక్కనే ఉండి ఆశ పెడతాయి, మరో పక్క రాజులూ రాణులూ బరువుగా కూర్చుంటారు. ఇంట్లో పాయింట్ల ఆటలోనూ, ఫోన్‌లో ఉచిత చిప్స్‌తో ఆడే స్నేహితుల దగ్గరా నాకు పదేపదే ఎదురయ్యే సందేహాలు ఇవి. విసుగొచ్చి ఒకచోట రాసి పెట్టాను. లెక్కలన్నీ రెండు పేకలు, రెండు పేపర్ జోకర్లు (జోకర్ బొమ్మతోనే వచ్చే ముక్కలు), ఒక కట్ జోకర్ (పేకలోంచి తీసి చూపే ముక్క, ఆ అంకెవన్నీ జోకర్లే), ఫుల్ కౌంట్ (ఓడినవాడికి పడే గరిష్ఠ పాయింట్లు) 80 అనుకుని వేసినవి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## కూర్చోకముందు

ముందు ఇది చెప్పండి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడొచ్చా?

కుదరదు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అది నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా ఆ చట్టానికి లేదు.

"సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఆట అంది కదా" అని కొందరు వాదిస్తారు. నిజమే. అది మన సికింద్రాబాద్ క్లబ్బు మీద పెట్టిన కేసే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య నడిచింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి ఇది మూడు ముక్కలాట లాంటిది కాదని కోర్టు అంది. క్లబ్బులో కూర్చుని ఆడే ఆట గురించి 1960ల్లో చెప్పిన మాట అది. ఇప్పటి ఆన్‌లైన్ చట్టానికి అది అడ్డు కాదు. అందుకే ఇక్కడ రాసినదంతా పాయింట్ల కోసం, ఉచిత చిప్స్ కోసం ఆడేవాళ్లకే.

డ్రాప్, స్కూట్, మిడిల్ డ్రాప్... ఏదానికి ఎంత పడుతుంది?

స్కూట్ అన్నా మొదటి డ్రాప్ అన్నా ఒకటే. క్లబ్బుల్లో ఆడినవాళ్లు స్కూట్ అంటారు, ఫోన్‌లో నేర్చుకున్నవాళ్లు డ్రాప్ అంటారు. ఒక్క ముక్క కూడా ఎత్తకుండా తప్పుకుంటే పాయింట్స్ ఆటలోనూ (ఓడినవాళ్ల పాయింట్లు గెలిచినవాడికి వెళ్లే ఆట) 101 పూల్‌లోనూ (పాయింట్లు కూడుతూ పోయి 101కి చేరినవాడు బయటికి వెళ్లే ఆట) 20, 201 పూల్‌లో 25. ఒకసారి ముక్క ఎత్తాక తప్పుకుంటే మిడిల్ డ్రాప్, అంటే 40, లేదా 201లో 50. చివరిదాకా ఉండి ఓడితే చేతిలో ఉన్న కౌంట్, అంటే కుదరకుండా మిగిలిన ముక్కల పాయింట్లు, గరిష్ఠంగా 80. తప్పు షో చూపిస్తే, అంటే ముక్కలు కుదరకుండానే ఆట అయిపోయిందని పరిస్తే, నేరుగా 80. డీల్స్ ఆటలో (ముందే అనుకున్నన్ని చేతులు ఆడేది) మామూలుగా డ్రాప్ ఉండదు కాబట్టి ఈ తలనొప్పి కూడా ఉండదు.

డ్రాప్ చేస్తే ఓడిపోయినట్టేగా? ఒక చూపు ఆడి చూస్తే పోయేదేముంది?

పోయేది 60 పాయింట్లు. డ్రాప్ చేస్తే 20తో అయిపోతుంది, ఉండి ఓడితే 80 దాకా వెళ్తుంది. నాలుగు డ్రాపులూ ఒక ఫుల్ కౌంటూ సమానం. డ్రాప్‌ను ఓటమి అనుకోకుండా ధర అనుకుంటే లెక్క తేలికవుతుంది: "ఈ ముక్కలతో ఆడితే సగటున నాకు పోయేది 20 కంటే తక్కువా, ఎక్కువా?" అడగాల్సింది ఇదొక్కటే. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఆ 20 ఖాయంగా కళ్ల ముందు కనిపిస్తుంది. 80 మాత్రం "రాకపోవచ్చులే" అనిపిస్తుంది. రోజూ పేక పట్టేవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు.

పోకర్‌లో ఫోల్డ్ చేసినట్టేనా ఇది?

ఆలోచన ఒకటే, ధర వేరు. పోకర్‌లో బ్లైండ్ (ముక్కలు చూడకముందే వంతుల వారీగా వేయాల్సిన పందెం) మీ వంతు కానప్పుడు మొదట్లోనే ముక్కలు పడేస్తే మీకు పోయేది సున్నా. అందుకే బాగా ఆడేవాళ్లు అక్కడ ఎక్కువ చేతులు ఫోల్డ్ చేసి కూర్చుంటారు. రమ్మీలో తప్పుకున్న ప్రతిసారీ 20 కట్టాలి. కాబట్టి పోకర్ అలవాటుతో రమ్మీకి వచ్చినవాళ్లు అవసరానికి మించి డ్రాప్ చేస్తారు. రమ్మీ నుంచి పోకర్‌కి వెళ్లినవాళ్లు ప్రతి చెయ్యీ ఆడేసి చిప్స్ తగలేస్తారు.

ఇంకో తేడా ఉంది. పోకర్‌లో ప్రతి పందెం దగ్గరా కొత్త ధర చెప్తారు. బల్ల మీద 100 ఉండి ఎదుటివాడు 50 వేస్తే, మీరు 50 పెట్టి 150 కోసం ఆడుతున్నట్టు. నాలుగింట ఒకసారి గెలిచినా సరిపోతుంది. రమ్మీలో ధర మారేది ఒకేసారి, 20 నుంచి 40కి. ఆ మారే క్షణం మీ చేతిలోనే ఉంటుంది.

## ముక్కలు పడ్డాక, మొదటి ముక్క ఎత్తేలోపు

ముక్కలు సర్దగానే మొట్టమొదట ఏం చూడాలి?

లైఫ్ ఉందా, అంటే జోకర్ సాయం లేకుండా ఒకే రంగులో (అన్నీ ఆటీనో, అన్నీ ఇస్పేటో అన్నట్టు) మూడు వరస ముక్కలు పడ్డాయా అని. లేకపోతే దానికి ఎన్ని దారులున్నాయో చూడండి. జోకర్ల లెక్క ఆ తర్వాతే. చాలామంది దీన్ని తిరగేస్తారు, ముందు జోకర్లు లెక్కపెట్టుకుని సంబరపడతారు. లైఫ్ లేకపోతే సెట్లూ (వేరువేరు రంగుల్లో ఒకే అంకె ముక్కలు) జోకర్ కలిపిన వరసలూ ఏవీ మిమ్మల్ని కాపాడవు, చేతిలో ఉన్నదంతా కౌంటే. కౌంట్ చూడాల్సింది అన్నిటికంటే చివర.

ఒక జోకర్ ఉంది. ఆడొచ్చు కదా?

ఒక్క జోకర్ ఉండటం గొప్పేం కాదు, అది సగటు. కట్ జోకర్‌గా తీసిన ముక్క పోగా అదే అంకెవి ఏడు, పేపర్ జోకర్లు రెండు, మొత్తం తొమ్మిది జోకర్లు 105 ముక్కల్లో కలిసి ఉంటాయి. పదమూడు ముక్కలు పంచితే ఒక్కొక్కరికి సగటున ఒకటి కంటే కొంచెం ఎక్కువే వస్తాయి. అసలు జోకర్ రాకపోవడం పదింట మూడుసార్లే. అంటే మీకు ఒకటి ఉందంటే ఎదుటివాడి దగ్గరా ఉండే అవకాశం బాగానే ఉంది. రెండు జోకర్లుంటే మాట వేరు. ఒక్కటే ఉండి లైఫ్‌కి దారి లేకపోతే ఆ జోకర్ పెళ్లికొడుకు లేని పెళ్లిలో బ్యాండు మేళం లాంటిది.

లైఫ్ లేదు గానీ దగ్గర్లో ఉంది. ఎంత దగ్గరైతే ఆడాలి?

ఎన్ని ముక్కలు పడితే లైఫ్ పూర్తవుతుందో లెక్కపెట్టండి. ఆటీను 6, 7 ఉంటే 5 గానీ 8 గానీ కావాలి. రెండు పేకలు కాబట్టి ఒక్కొక్కటి రెండేసి, మొత్తం నాలుగు ముక్కలు. అదే 6, 8 ఉంటే 7 ఒక్కటే పనికొస్తుంది, రెండే ముక్కలు. మీకు కనపడనివి 91 ముక్కలు. మూసిన కట్టలోంచి ఐదుసార్లు ఎత్తారనుకుంటే, నాలుగు ముక్కల దారికి అవకాశం దాదాపు 20 శాతం, రెండు ముక్కల దారికి 11 శాతం. నాలుగేసి ముక్కల దారులు రెండుంటే, అంటే ఎనిమిది ముక్కలు పనికొస్తే, 38 శాతం దాకా వెళ్తుంది. ఎదుటివాడు పారేసిన ముక్క కలిసొస్తే దీనికి కొంచెం పైన.

నా సొంత కొలత: ఎనిమిది ముక్కలు, ఒక జోకర్ ఉంటే ఆడతాను. ఆరైతే ఆలోచిస్తాను. నాలుగే అయితే, రెండు జోకర్లుంటే తప్ప దిగను. ఇదేమీ శాసనం కాదు, నేను చాలా పాయింట్లు పోగొట్టుకుని కుదుర్చుకున్న గీత.

ఊరికే సూత్రాలు వద్దు, ఒక చెయ్యి ముందు పెట్టి చెప్పండి.

సరే. ఇద్దరే ఆడుతున్నారు, పాయింట్స్ ఆట, కట్ జోకర్ 9. మీకు పడినవి ఇవి:

ఆటీను 6, 7, ఆసు. ఇస్పేటు 4, 10, రాణి. కళావరు 2, 5, 9, రాజు. డైమన్ 4, 7, రాజు.

చూడగానే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కళావరు 9 జోకర్. రాజులు రెండు, నాలుగులు రెండు, ఏడులు రెండు. జోకర్ పెడితే రాజుల సెట్ అయిపోయినట్టే. ఇక్కడే మోసపోతాం. కౌంట్ వేస్తే (బొమ్మలకూ ఆసుకూ పదేసి, జోకర్‌కి సున్నా) 85, అంటే ఇప్పుడు ఆట ముగిస్తే ఫుల్ కౌంట్. లైఫ్‌కి దారులు రెండే: ఆటీను 5 లేదా 8 పడాలి, లేదా ఇస్పేటు జాకీ పడాలి. మొత్తం ఆరు ముక్కలు. ఐదుసార్లు ఎత్తితే వాటిలో ఒకటి తగిలే అవకాశం 30 శాతం లోపే. ఆ జతలన్నీ సెట్లకు పనికొచ్చేవి, సెట్లు లైఫ్ తర్వాతి సంగతి.

నేనైతే డ్రాప్ చేస్తాను, అదీ కొంచెం మనసు పీకుతుండగా. ఇప్పుడు ఒక్క ముక్క మార్చండి. ఆ ఆసు స్థానంలో ఆటీను 9 ఉందనుకోండి. అది రెండో జోకర్, పైగా 6, 7 పక్కన సొంత రూపంలో కూడా పనికొస్తుంది. ఆటీను 8 పడితే 6, 7, 8, 9 నాలుగు ముక్కల లైఫ్. కౌంట్ 75కి దిగింది, జోకర్లు రెండయ్యాయి. అది ఆడాల్సిన చెయ్యి. ఇంకోలా మార్చండి: జోకర్ తీసేసి కళావరు జాకీ పెట్టండి. ఇక ఆలోచన అక్కర్లేదు, చేతులు దులుపుకుని పక్కకు జరగడమే.

లైఫ్ పడే వచ్చింది, మిగతా పదీ చెత్త. అయినా డ్రాపేనా?

ఇద్దరు ముగ్గురి ఆటలో అయితే ఆడండి. లైఫ్ ఉందంటే ఆ మూడు ముక్కలు కౌంట్ లోంచి పోయాయి. మిగతా వాటిలో బొమ్మలను ఒక్కొక్కటిగా పారేస్తూ చిన్న ముక్కలు నింపుకుంటే నాలుగు రౌండ్లలో కౌంట్ 30, 40కి దిగుతుంది. గెలిచే అవకాశం ఎలాగూ ఉంది, ఓడినా దెబ్బ చిన్నది. ఆరుగురి ఆటలో, జోకర్ ఒక్కటీ లేకుండా, మిగతావాటిలో ఐదు బొమ్మలుంటే మాత్రం డ్రాప్‌ని నేను తప్పుపట్టను.

బొమ్మలు ఎక్కువుంటే డ్రాప్ చెయ్యాలంటారు, నిజమేనా?

సగం నిజం. డైమన్ జాకీ, రాణి ఉంటే అవి బొమ్మలైనా లైఫ్‌కి దారి. వేరువేరు రంగుల్లో చెల్లాచెదురుగా ఉన్న నలుగురు రాజులు, రాణులే అసలు బరువు. పైగా మొదటి రెండు రౌండ్లలో అందరూ బొమ్మలే పారేస్తారు కాబట్టి, జాకీ, రాణి పట్టుకున్నవాడికి కావలసింది కింద పడే అవకాశం కొంచెం ఎక్కువ.

మొదటి ముక్క ఎత్తి చూసి, బాగోకపోతే అప్పుడు డ్రాప్ చేస్తే?

అది రమ్మీలో అన్నిటికంటే ఖరీదైన ముక్క. ఎత్తకముందు 20, ఎత్తాక 40. ఒక్క ముక్క చూడ్డానికి 20 పాయింట్లు.

ఓ సంక్రాంతికి తణుకు దగ్గర మా పెద్దమ్మ వాళ్లింట్లో చాప మీద ఆడుతున్నాం. బాబాయి కాగితం మీద స్కోరు రాస్తున్నారు. నాకు అచ్చం ఇలాంటి ఊగిసలాట ముక్కలే పడ్డాయి. "ఒక్క ముక్క చూస్తా బాబాయ్" అన్నాను. ఆయన పెన్ను ఎత్తి, "చూడు, నలభై రాసుకుంటా" అన్నారు. పడ్డది కళావరు 3, ఎందుకూ పనికిరానిది. నలభై ఎందుకు కట్టాలి, ఇంకొక్కటి చూద్దాం అనుకున్నాను. అలా ఆరు రౌండ్లు చూసి 80 రాయించుకున్నాను. ఇరవై దగ్గర ఆగాల్సినవాణ్ణి ఎనభైకి తోసింది ఆ మొదటి ముక్కే.

ఓపెన్‌లో, అంటే పారేసిన ముక్కల కట్ట మీద, ఉన్న ముక్క సంగతి వేరు. అది ఎత్తకముందే కనిపిస్తుంది. మొదటి ఆట మీదై, ఆ ముక్క మీ లైఫ్ పూర్తి చేస్తుంటే ఇక డ్రాప్ మాటే లేదు.

నా ముందు ఇద్దరు డ్రాప్ చేశారు. నేనూ చెయ్యాలా?

తిరగేసి చూడండి: వాళ్లు చేశారు కాబట్టి మీరు ఇంకొంచెం బలహీనమైన ముక్కలతో కూడా ఉండొచ్చు. పాయింట్స్ ఆటలో వాళ్ల 40 అప్పుడే గెలిచేవాడి ఖాతాలో పడిపోయింది. ఆరుగురిలో మీకు ఎదురు ముగ్గురే మిగిలారు. వాళ్లు తలా 40తో ఓడతారు, మీరు ఓడితే 60 అనుకుంటే, 18 శాతం గెలిచే అవకాశం ఉన్నా ఉండటం లాభమే. నలుగురిలో ఒకరిగా మీ వాటా 25 శాతం.

ఒక మెలిక ఉంది. మీ ముందు ఆడి, డ్రాప్ చెయ్యకుండా మిగిలినవాడు ఏదో చూసుకునే మిగిలాడు. ఇంకా వంతు రానివాళ్ల ముక్కలు మాత్రం ఎలాగైనా ఉండొచ్చు. చివర్లో వంతు రావడం వరం లాంటిది, వీలైతే అందరి నిర్ణయం చూశాకే మీ బటన్ నొక్కండి.

ఇద్దరం ఆడినా ఆరుగురం ఆడినా డ్రాప్ గీత ఒకటేనా?

ఒకటి కాదు. ఇద్దరి ఆటలో గెలిస్తే 30 వస్తుంది, ఓడితే 50 పోతుంది అనుకుందాం. 37, 38 శాతం గెలిస్తే చాలు, డ్రాప్ కంటే ఆడటం మేలు. సగటు ముక్కలకు 50 శాతం అవకాశం ఉంటుంది కాబట్టి సగటు కంటే కొంచెం తక్కువ ముక్కలతో కూడా దిగొచ్చు.

ఆరుగురి ఆటలో గెలిస్తే ఐదుగురి నుంచి 40 చొప్పున 200 రావచ్చు. కానీ ఎవరో ఒకరు త్వరగా షో కొట్టేస్తారు, మీకు ముక్కలు సర్దుకునే సమయం ఉండదు. ఓడితే 65 అనుకోండి. అప్పుడు కావలసింది 17 శాతం. ఆరింట ఒకటి అంటే కూడా దాదాపు అంతే. అంటే సగటు ముక్కలైతేనే సరికి సరి, అంతకు తగ్గితే డ్రాప్. ఇంకోటి, ఆరుగురికి పంచాక మూసిన కట్టలో మిగిలేవి 26 ముక్కలే. ఇద్దరి ఆటలో అయితే 78. ఆరుగురి ఆటలో మీకు కావలసిన ముక్క ఎవరో ఒకరి చేతిలో ఇరుక్కుని ఉండే అవకాశమే ఎక్కువ.

## ఆట మధ్యలో

మిడిల్ డ్రాప్ ఎప్పుడైనా పనికొస్తుందా, లేక పరువు కోసం పెట్టారా?

అరుదుగా పనికొస్తుంది. నాలుగు రౌండ్లు అయ్యాయి, లైఫ్ పడలేదు, కౌంట్ 70 పైన, ఎదుటివాడు చకచకా సర్దుకుంటున్నాడు. అప్పుడు గెలిస్తే 30, ఓడితే 75 అనుకుంటే, మూడింట ఒకసారి కూడా గెలవలేననిపించినప్పుడు 40 కట్టి లేవడం మేలు.

లైఫ్ పడ్డాక మాత్రం మిడిల్ డ్రాప్ దాదాపు ఎప్పుడూ దండగే. చేతిలో ఉన్న కౌంటే 40 కంటే తక్కువై ఉంటుంది, ఓడినా అంతకంటే తక్కువే పోతుంది. ఫోన్‌లో ఆడేటప్పుడు తొందరలో ఈ తప్పు చేసినవాళ్లను చాలామందిని చూశాను: చేతిలో 28 కౌంట్ పెట్టుకుని 40 కట్టి వెళ్లిపోతారు. బటన్ నొక్కేముందు ఒకసారి కూడుకోండి.

ఎదుటివాడు షోకి దగ్గరపడ్డాడని ఎలా తెలుస్తుంది?

పారేసే ముక్కలు చూడండి. మొదట్లో రాజు, రాణి, జాకీ పడటం మామూలే. మూడో రౌండ్‌కే 2, 3, 4 లాంటి చిన్న ముక్కలు పారేస్తున్నాడంటే వాడికి కౌంట్ దిగులు లేదు, ఆట కుదిరినట్టే. ఓపెన్ ముక్క రెండుసార్లు ఎత్తినవాడు దేనికి ఎత్తాడో గుర్తుపెట్టుకోండి, దాని చుట్టుపక్కల ముక్కలు వదలొద్దు. ఎత్తిన ముక్కను ఎత్తినట్టే పారేస్తూ ఉంటే ఒకే ముక్క కోసం ఎదురుచూస్తున్నాడని అర్థం. జోకర్‌నే పారేశాడంటే ఇక చెప్పేదేముంది, తర్వాతి రౌండ్‌లో షో. టైమర్ చివరిదాకా వాడటాన్ని మాత్రం నమ్మొద్దు. ఆలోచిస్తున్నాడో, పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్లాడో మనకేం తెలుసు.

నాకు కావలసిన ముక్క రెండుసార్లూ పడిపోయింది. ఇంకా ఆగాలా?

ఆ దారి మూసుకుపోయింది. రెండు పేకల్లో ప్రతి ముక్కా రెండే. ఇస్పేటు 10, రాణి పట్టుకుని జాకీ కోసం చూస్తుంటే, మొదటి జాకీని పక్కవాడు ఎత్తుకున్నాడు, రెండోది పడి దాని మీద వేరే ముక్క పడింది అంటే, ఆ రెండింటినీ పట్టుకుని కూర్చోవడం 20 కౌంట్ మోయడమే. పారేసి వేరే దారి వెతకండి. ఇలాంటి దారులు రెండు మూసుకుపోయి, లైఫ్ ఇంకా లేకపోతే మిడిల్ డ్రాప్ గురించి ఆలోచించాల్సిన సమయం అదే.

మధ్యలో నెట్ పోయింది, నన్ను డ్రాప్ చేసేసింది. ఇదేం న్యాయం?

చాలా యాప్‌లలో వరసగా మూడు వంతులు తప్పితే మిడిల్ డ్రాప్‌గా లెక్కేస్తారు. నెట్ ఊగుతున్న చోట, బస్సులోనో రైల్లోనో ఆడుతుంటే అనుమానపు ముక్కలన్నీ మొదట్లోనే డ్రాప్ చెయ్యండి. ఎలాగూ 40 అయ్యేదాన్ని 20తో వదిలించుకున్నట్టు.

## పూల్ ఆటలో

101 పూల్‌లో ఎక్కువ డ్రాప్ చెయ్యాలా, తక్కువా?

ఎక్కువ. పాయింట్స్ ఆటలో గెలిస్తే పాయింట్లు వస్తాయి. పూల్‌లో ఒక చెయ్యి గెలిస్తే మీకు పడేది సున్నా, అంతే. ఓడితే 50 పడుతుందనుకుంటే, డ్రాప్ 20 కంటే ఆడటం మేలు కావాలంటే 60 శాతం సార్లు గెలవాలి. అటూ ఇటూ కాని ముక్కలతో అది కుదిరే పని కాదు. 201 పూల్‌లో డ్రాప్ 25 కాబట్టి గీత 50 శాతానికి దిగుతుంది.

ఇది మోటు లెక్క. మీరు గెలిస్తే ఎదుటివాళ్ల స్కోరు పెరుగుతుంది, అదీ లాభమే. ముఖ్యంగా ఎవరైనా 85, 90 దగ్గర ఊగుతుంటే వాళ్లను బయటకు పంపడానికి కొంచెం తెగించొచ్చు. మొదటి రెండు మూడు చేతుల్లో మాత్రం ఓపికగా ఉన్నవాడే చివరికి బల్ల దగ్గర మిగులుతాడు.

ఎన్ని డ్రాపులు మిగిలాయో ఎలా లెక్కపెట్టాలి?

101లో సున్నా దగ్గర మొదలైతే ఐదు డ్రాపులు, 201లో ఎనిమిది. 101లో మీ స్కోరును 100 లోంచి తీసేసి 20తో భాగించండి. 47 ఉంటే రెండు మిగిలాయి. 201లో 200 లోంచి తీసేసి 25తో భాగించండి. మీ డ్రాపులే కాదు, ఎదుటివాడివీ లెక్కపెట్టండి. డ్రాపులు అయిపోయినవాడు ఏ ముక్కలు పడినా ఆడి తీరాలి. వాడు బల్ల దగ్గర ఉన్నాడంటే వాడి ముక్కలు బాగున్నాయని భయపడక్కర్లేదు.

నా స్కోరు 81. మధ్యరకం ముక్కలు పడ్డాయి. ఏం చెయ్యాలి?

ఆడటమే. 80 దగ్గర డ్రాప్ చేస్తే 100, ఇంకా ఆటలో ఉంటారు. 81 దగ్గర చేస్తే 101, బయటికి. 80కీ 81కీ మధ్య ఉన్న ఆ ఒక్క పాయింట్ ఒక డ్రాప్ విలువ చేస్తుంది. అందుకే 60, 80 దాటించే చిన్న కౌంట్లను తేలిగ్గా తీసుకోకూడదు. ఓడిపోతున్నామని తెలిసినప్పుడు కూడా చివరి రౌండ్‌లో ఒక రాణిని పారేసి 3 ఉంచుకోవడం వల్ల ఒక డ్రాప్ దక్కవచ్చు.

రీజాయిన్‌కి 79, 174 అని వింత అంకెలు పెట్టారెందుకు?

వింతేం లేదు. రీజాయిన్ అయినవాడికి, అంటే బయటికి వెళ్లి మళ్లీ ఆటలోకి వచ్చినవాడికి, బల్ల మీద ఉన్న పెద్ద స్కోరు కంటే ఒకటి ఎక్కువ వేస్తారు. పెద్ద స్కోరు 79 అయితే వాడికి 80, ఒక డ్రాప్ మిగులుతుంది. 201లో 174 మీద ఒకటి 175, అక్కడా ఒక డ్రాప్ మిగులుతుంది. అంతకు పైన రానిస్తే వచ్చినవాడికి ఊపిరి తీసుకునే చోటుండదు.

## ఆట అయ్యాక

డ్రాప్ చేసిన వెంటనే నాకు కావలసిన ముక్కే పడింది. తప్పు చేశానా?

ఆ ముక్క పడింది కాబట్టి తప్పు అవ్వదు. 30 శాతం అవకాశం అంటే పదింట మూడుసార్లు అలా పడుతుంది, పడాలి కూడా. ఆ మూడూ గుర్తుంటాయి, కాపాడుకున్న ఏడు చేతులు గుర్తుండవు. నాకున్న చిట్కా ఒకటే: డ్రాప్ చేశాక ఆ బల్ల చూడను. లేచి మంచినీళ్లు తాగి వస్తాను.

వరసగా నాలుగు చేతులు డ్రాప్ చేశాను. ఐదోదైనా ఆడాలి కదా?

పేకకు మీ గత నాలుగు చేతులు తెలియవు. "ఇన్నిసార్లు వదిలాను, ఇప్పుడైనా ఆడకపోతే ఎలా" అని దిగిన చెయ్యే ఫుల్ కౌంట్ తెస్తుంది. పాయింట్స్ ఆటలో ఐదోది కూడా అలాంటిదే అయితే ఐదోదీ డ్రాపే. పూల్‌లో మాత్రం డ్రాపులు కరిగిపోతుంటాయి కాబట్టి గీతను కొంచెం కిందికి జరపక తప్పదు. విసుగుతో కాదు, మిగిలిన డ్రాపులు లెక్కపెట్టి జరపాలి. ఎదుటివాళ్లు "స్కూట్ మాస్టారూ" అని వెక్కిరిస్తే వెక్కిరించనివ్వండి.

ఉచిత చిప్స్ ఆటలో ఎవరూ డ్రాప్ చెయ్యరు. నేనెందుకు చెయ్యాలి?

ఎవరూ చెయ్యని చోట మీరు చేస్తే మీకే లాభం. బల్ల మీద అందరూ చెత్త ముక్కలతో కూడా కూర్చుంటారు కాబట్టి ఓడినవాళ్ల కౌంట్లు పెద్దవిగా ఉంటాయి, గెలిచినప్పుడు మీకు ఎక్కువ వస్తుంది. ఇలాంటి చోట మంచి ముక్కలతో దిగండి, మధ్యరకం ముక్కలతో గీతను ఒక మెట్టు కిందికి జరపండి, చెత్తను వదిలేయండి.

నేను సరిగ్గానే డ్రాప్ చేస్తున్నానో లేదో ఎలా తెలుస్తుంది?

రాసుకోండి. ఒక పాత నోట్‌బుక్ చాలు. ఊగిసలాడి ఆడిన ప్రతి చెయ్యికీ ఒక లైను: లైఫ్‌కి ఎన్ని ముక్కలు పనికొచ్చేవి, జోకర్లెన్ని, ఎంతమంది ఆడారు, చివరికి ఎంత వచ్చింది, ఎంత పోయింది. మంచి చేతులూ చెత్త చేతులూ రాయొద్దు, వాటితో పనిలేదు. యాభై చేతులయ్యాక కూడి భాగించండి. పాయింట్స్ ఆటలో సగటున చేతికి 20 కంటే ఎక్కువ పోతుంటే మీరు దిగకూడనివి దిగుతున్నారు. 5, 10 మాత్రమే పోతుంటే, బహుశా డ్రాప్ చేస్తున్న వాటిలో కూడా కొన్ని ఆడదగ్గవి ఉన్నాయి. నా మొదటి యాభైకి సగటు 31 పోయింది. అందులో ఇరవై రెండు చేతుల పక్కన "జోకర్ 1, దారి 4" అనే ఉంది.